నాన్న పోసిన దిమ్మలు

"స్తంభానికి పోసే కాంక్రీటులోంచే కొంత తీసి దిమ్మలు పోస్తారు. వాటిని పగలగొట్టి చూస్తే స్తంభం బలం తెలుస్తుంది," అన్నారు సివిల్ ఇంజనీరింగ్ క్లాసులో సార్.

"మన కాలేజీ అమ్మాయిల హాస్టల్ కట్టిన మేస్త్రి మా నాన్నే సార్. ఒక్క దిమ్మా ఫెయిలవలేదు," అన్నాను గొప్పగా.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న పకపకా నవ్వాడు. "పిచ్చితల్లీ! దిమ్మలకి సిమెంటు దండిగా వేసి విడిగా కలుపుతాం. స్తంభాలన్నిటికీ అలా పోస్తే కాంట్రాక్టరు ఇల్లు గుల్ల కాదూ?"

"మా కాలేజీ హాస్టల్‌కి కూడానా?"

నవ్వు ఆగిపోయింది.

నాకు ఈ కాలేజీలో సీటొచ్చినప్పుడు, "హాస్టల్లో నీకు నిద్ర పట్టదమ్మా, బయట గది తీసుకో," అని పట్టుబట్టింది ఆయనే. కూతురంటే ఎంత ప్రాణమో అని మురిసిపోయాను.

ఆ హాస్టల్లో మూడు వందల మంది ఉంటున్నారు. వాళ్లెవరూ మేస్త్రి కూతుళ్లు కారు.