చిన్నదొరకు ఒంట్లో బాగాలేదు

సోమవారం మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ, చిన్నదొర మూలకు పోయి ముడుచుకు పడుకున్నాడు.

చిన్నదొర అంటే ఎలుక. తెల్లగా, బొటనవేలికంటే కాస్త పెద్దగా ఉంటుంది. పెద్దాయన పెంచుకుంటున్న ఎలుక కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని ‘వాడు’ అనే అనాలి. వడ్డించిన ముద్ద తిని పది నిమిషాలు కాలేదు, వాడి ఒళ్లంతా బొచ్చు నిక్కబొడుచుకుంది. కళ్లు సగం మూతపడ్డాయి.

పెద్దాయన కంచం పక్కకు జరిపి లేచాడు.

“మామయ్యగారూ, రెండు ముద్దలైనా తినండి. ఉప్పు తగ్గించి మీకు విడిగా చేశాను” అంది కోడలు.

“వాడు లేచి తిరిగేదాకా నాకు ముద్ద దిగదమ్మా.”

కోడలికి కళ్లు చెమర్చాయి. ఈ మనిషిలో ఇంత మనసు ఉందని ఆమెకు తెలియదు.

తెలిసే అవకాశమూ లేదు. పెద్దాయన ముప్పై ఏళ్లు హోటళ్ల వంటిళ్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. మెచ్చుకోవడమన్నది ఆ ఉద్యోగంలో నేర్పలేదు కాబోలు. భార్య ఉన్నన్నాళ్లూ ఆవిడ వండింది మాట్లాడకుండా తిన్నాడు. ఆవిడ పోయి గరిటె కోడలి చేతికొచ్చింది. నెల తిరక్కుండా ఎలుకను తెచ్చుకున్నాడు. ఒంటరితనం, పాపం, అని ఇంటిల్లిపాదీ జాలిపడ్డారు.

ఆ ప్రేమ చూసి తీరాల్సిందే. తన కంచంలోంచి మొదటి ముద్ద వాడికే. వాడు తిని, మీసాలు తుడుచుకుని, బోనులోని చక్రం మీద పరుగులు తీస్తుంటే అరగంటసేపు కళ్లార్పకుండా చూస్తాడు. ఆ తర్వాతే తన భోజనం. అన్నీ చల్లారిపోయాయి, వేడిచేసి తెస్తానని కోడలు కంచం మీద చెయ్యి వేస్తే ఒప్పుకోడు.

“మా ఇంట్లో మగాళ్లు పెళ్లానికే మిగల్చరు. ఈయన ఎలుకకు ముందు పెడతాడు. దేవుడమ్మా మీ మామగారు” అనేది పై అంతస్తు టీచరమ్మ. ఆ దేవుడితో ఒక్క పూట కూడా గడపని మనిషి కాబట్టి ఎన్నైనా అనగలదు.

పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు. ఎలుక అనగానే అటు వైపు నవ్వు వినిపించింది. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, తిండి తేడా చేసి ఉండొచ్చు, జలుబైనా కావచ్చు, రెండు రోజులు వెచ్చగా ఉంచి చూడండి అన్నాడు. ‘తిండి తేడా’ అన్నప్పుడు పెద్దాయన కోడలి వైపు చూశాడు. కూరలో కారం ఎక్కువైందేమోనని కోడలు తల దించుకుంది.

ఆమె పక్కవీధి స్కూల్లో లైబ్రేరియన్, మధ్యాహ్నం వడ్డించడానికి ఇంటికొచ్చి వెళుతుంది. ‘ఇంట్లో పెద్దవాళ్లకు సుస్తీ’ అని రాసి మూడు రోజులు సెలవు పెట్టింది. చెప్పుల అట్టపెట్టెలో పాత స్వెటర్ పరిచింది. సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పక్కన పెట్టింది. గంటకోసారి డ్రాపర్‌తో చక్కెర నీళ్లు పట్టింది. చిన్నదొర రెండు చుక్కలు మింగి మూడోది ఆమె చేతి మీదే తుమ్మాడు.

“నాకు జ్వరమొస్తే మాత్ర ఎక్కడుందో చెప్పి స్కూలుకు వెళ్లిపోయావు” అన్నాడు మొగుడు.

“మీరు తినడం మానలేదుగా” అంది ఆమె.

నిజమే. అసలు గొడవంతా అదే. పెద్దాయనకు షుగరు. మంగళవారానికి కళ్లు లోపలికి పోయాయి. అరటిపళ్లు తనే తెచ్చుకుని, తనే ఒలుచుకుని, రెండేసి తింటున్నాడు. జావ కాచి తీసుకెళితే ముందు చిన్నదొర వైపు చూసి, తర్వాత తల అడ్డంగా ఊపాడు.

సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసింది. “నాన్న పస్తులుంటున్నాడటగా. ఏం పెడుతున్నావేంటి వదినా?”

ఆయనకేమైనా అయితే రేపు బంధువుల నోళ్లలో తన పేరే నానుతుందని కోడలికి తెలుసు. కానీ ఆమెది భయం ఒక్కటే కాదు. పెళ్లయి ఎనిమిదేళ్లు. ఈ మనిషి నోట ఒక్క మంచి మాట వినాలని ఆమెకు పిచ్చి ఆశ. ఎలుకను బతికిస్తే ఆ మాట వస్తుందనుకుంది. మనిషిని ఎంత దిగజారుస్తుందో చూడండి, ఆశ.

బుధవారం పొద్దున చిన్నదొర పెట్టె అంచు మీద మూతి పెట్టి బయటికి చూశాడు. మధ్యాహ్నానికి చక్రమెక్కాడు. ఆమె కారం లేకుండా కూర వండి, కంచం పెద్దాయన ముందు పెట్టింది. ఆయన మొదటి ముద్ద చిన్నదొరకు పెట్టాడు. వాడు మొత్తం తినేసి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు వేళ్లు వాసన చూశాడు.

పెద్దాయన గోడ గడియారం చూస్తూ కూర్చున్నాడు. అరగంట గడిచింది. చిన్నదొర చక్రం మీద గిరగిరా తిరుగుతూనే ఉన్నాడు.

అప్పుడు తిన్నాడాయన. కంచం ఖాళీ చేసి, మళ్లీ వడ్డించుకుని, అదీ ఖాళీ చేశాడు. చేయి కడుక్కొచ్చి, ఎనిమిదేళ్లలో మొదటిసారి కోడలి తల మీద చెయ్యి పెట్టాడు.

“బంగారంలాంటి పిల్లవమ్మా నువ్వు. నిన్ను అపార్థం చేసుకున్నాను” అన్నాడు.

కోడలు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ మొగుడు కూడా కాస్త గర్వపడ్డాడు.

పెద్దాయన గొంతు మరింత మెత్తబడింది.

“ఏమీ అనుకోకు తల్లీ, మొన్న నీ కూర తిని వాడు ముడుచుకుపోగానే, పెంచినందుకు ఇన్నాళ్లకు పనికొచ్చాడు, నేను బతికిపోయాను అనుకున్నాను.”