డేగల పెట్టె

“దిగు పెద్దాయనా, దిగు! ఎవర్ని అడిగి ఎక్కావు?”

ధాన్యం గిడ్డంగి గోడకు ఆనించిన నిచ్చెన మీద, చూరు దాకా ఎక్కి ఉన్నాడతను. డెబ్బై దాటిన మనిషి. చంకలో ఓ చెక్కపెట్టె.

కింద నుంచి కేకేసిన మేనేజరమ్మ ఆ గిడ్డంగికి కొత్తగా వచ్చి వారమే అయింది.

అతను మెల్లగా దిగాడు.

“చిన్న డేగల కోసమమ్మా. వాటికి గూడు కట్టుకోవడం చేతకాదు. ఇలాంటి పెట్టె దొరికితే గుడ్లు పెడతాయి.”

“ఇక్కడ డేగలెక్కడున్నాయి?”

“ఇదివరకు ఉండేవి.”

“మరేమయ్యాయి?”

“చచ్చిపోయాయి,” అన్నాడు నేల చూస్తూ.

“ఎలుకలు బస్తాలు కొరికేస్తుంటే నా తల తినేస్తున్నారు పైవాళ్ళు. నువ్వేమో డేగలంటావు. రేపే మందు పెట్టిస్తున్నా.”

అతని ముఖం పాలిపోయింది.

“మందొద్దమ్మా! మందు తిన్న ఎలుకను తింటే డేగ కూడా పోతుంది. బోనులు పెడదాం. రోజూ నేనే వచ్చి చూసుకుంటా.”

“గిడ్డంగి సంగతి నీకేం తెలుసు?”

అతను గిడ్డంగిని ఓసారి పైనుంచి కిందికి చూసి, పెట్టెతో గేటు వైపు నడిచాడు.

మర్నాడు పొద్దున్నే గేటు తీసేసరికి, పాతిక బోనులు పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

“ఈయన వదిలే రకం కాదు మేడం,” అన్నాడు వాచ్‌మన్.

“ఒక్క ఏడాది,” అంది మేనేజరమ్మ. “ఆ తర్వాత మందే.”

ఆ ఏడాది పెట్టెలో గోరింకలు దూరాయి.

“డేగలకని పెడితే ఇవి కాపురం పెట్టాయేం తాతా!” అని హమాలీలు ఒకటే నవ్వు. అప్పటినుంచి ఆయన పేరు పెట్టెల తాత అయింది.

“పిల్లలు ఎగిరిపోనీండి. అప్పుడు ఖాళీ చేయిస్తా,” అన్నాడు తాత.

అన్నట్టే, పిల్లలు ఎగిరాక పెట్టె దింపి కడిగాడు. అడుగున గులకరాళ్ళు, పైన చెక్కపొట్టు పరిచాడు. వాన కొట్టని వైపు చూసి మళ్ళీ బిగించాడు.

మరుసటి ఏడాది కందిరీగలు పట్టాయి. చేతులు బూరెల్లా వాచినా పెట్టె దింపాడు, గీకాడు, బిగించాడు. పక్కనే ఇంకోటి కూడా తగిలించాడు.

మేనేజరమ్మ పెట్టిన గడువు ఎప్పుడో దాటిపోయింది. కొరికిన బస్తాలు సగానికి తగ్గాయి. ఆమె మందు ఊసెత్తలేదు.

“ఆ నిచ్చెన ఎవరైనా పట్టుకోండయ్యా, పడతాడు,” అని మాత్రం అంది.

మూడో ఏడాది ఓ సాయంత్రం, “నాలుగు రోజులు రాలేనమ్మా, ఆస్పత్రిలో పనుంది. బోనులు మరిచిపోకండి,” అని చెప్పి వెళ్ళాడు తాత.

నాలుగు రోజులు పది అయ్యాయి. ఆయన రాలేదు. బోనులు మేనేజరమ్మే చూసింది.

పదకొండో రోజు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

“మేడం! పైకి చూడండి!”

ఇటుకరంగు వీపున్న చిన్న పక్షి, రెక్కలు టపటపలాడిస్తూ గాలిలో ఒకేచోట నిలబడి ఉంది. రాయిలా కిందికి పడింది. కాళ్ళలో ఎలుకతో లేచి, తిన్నగా పెట్టెలోకి వెళ్ళింది.

డేగ బయటికి వెళ్ళిన సమయం చూసి మేనేజరమ్మే నిచ్చెన ఎక్కింది. చెక్కపొట్టు మీద నాలుగు ఎర్రమచ్చల గుడ్లు.

తాతకి చెప్పాలి. ఎలా? ఆయన ఇల్లెక్కడో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మూడు రోజుల తర్వాత ఓ నడివయసు ఆడమనిషి కొత్త చెక్కపెట్టె ఒకటి మోసుకుంటూ వచ్చింది.

“మా నాన్న ఇది మీకిచ్చేయమన్నారండీ. పోయి వారమైంది.”

మేనేజరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చూరు కేసి చూపించింది. డేగ తల బయటికి పెట్టి చూస్తోంది.

కూతురు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“ఎంత ఓపికమ్మా ఆయనకి!” అంది మేనేజరమ్మ. “అసలు మీ నాన్నగారు ఏం చేసేవారు, వడ్రంగమా?”

“కాదండీ. ముప్పై ఏళ్ళ కిందట ఇక్కడ మేనేజరు. అప్పట్లో ఇక్కడున్న డేగలన్నీ చచ్చిపోయిన ఏడాది, ఎలుకలకి మందు పెట్టించింది ఆయనే.”