పొడి అంగి

"కొట్టకు బాపూ. ముందుగాల తడుపు," అంటూ తిరుమల నిచ్చెన మీదికి నీళ్ల బకెట్ అందించింది.

ఇంటి కప్పు మీది పాత సిమెంటు రేకుల్లో ఒకటి విప్పి, రెండోది విప్పబోతున్న ఆదయ్య సుత్తె దించాడు. "నీళ్లెందుకే?"

"రేకులల్ల ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. పొడి లేస్తే ఊపిరితిత్తులల్ల కూసుంటదట. అమ్మకు గదే కావచ్చని చంద్రపూర్ డాక్టర్ అనుమానపడ్డడు."

"బామ్ని నుంచి పాతగూడెం దాక అందరిండ్లకు రేకులు కోసింది నేను. నాకేం కాలే. ఇంట్ల ఉన్న మీ అమ్మకెట్లయితది?"

"పని నుంచి వచ్చినంక నీ అంగి ఎవరు పిండేది?"

వాకిట్లో మంచం మీదున్న పోశమ్మ దగ్గు ఆపుకొని, తనే చెప్పింది. "నేనే పిండుతుంటి. పిండేముందు గడప కాడ బాగ దులుపుతుంటి. తడిస్తే సిమెంటు గుడ్డకు పట్టుకుంటది, పొడిగున్నప్పుడే దులపమని మీ బాపే చెప్పిండు. ఒక్క అంగి కరాబ్ కానియ్యలే."

తిరుమల తండ్రి వైపు చూడలేక తల దించుకుంది.

ఆదయ్య బకెట్ పట్టుకొని నిచ్చెన దిగాడు. అంగి నిండా రేకుల దుమ్ము. పోశమ్మ అలవాటుగా చెయ్యి చాపింది.

"ఇయ్యి, దులిపి పెడ్త."

ఆదయ్య ఆమె దగ్గరికి పోలేదు. దూరంగా నిలబడి, బకెట్ ఎత్తి ఒంటి మీది అంగి మీదే నీళ్లన్నీ కుమ్మరించుకున్నాడు.

"అయ్యో, తడిపితివా," అంది పోశమ్మ. "ఇగ ఆ అంగి పోయినట్టే."