జిలేబీకి అడ్డుపడ్డామె

స్వీటు షాపులో కూర్చుని భిక్షపతి జిలేబీ ముక్క నోటిదాకా తెచ్చాడు.

పక్క బల్ల మీద కూర్చున్నామె చటుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు? చెయ్యి ఇడువు" అన్నాడు.

"మీకు షుగర్ ఉంది కదండీ? మొన్న గల్లా దగ్గర మీరంటుంటే విన్నాను."

"ఉన్నది. గిప్పుడు పడిపోయింది. చేతులు వణుకుతున్నయ్, చెమటలు కారుతున్నయ్. ఇది తినకుంటే ఈడనే పడిపోత."

"పడిపోయిందని చూసుకున్నారా?"

"చూసుడెందుకు? నా ఒంటికి తెల్వదా?"

"ఒంటికే తెలీదండీ" అందామె.

భిక్షపతికి ఒళ్లు మండింది. వెలిసిపోయిన నేత చీర, ఒళ్లో పల్లీల కవరు. ఏమీ కొన్నట్టు లేదు. ఊరికే కూర్చుని పక్కవాళ్ల ప్లేట్లలోకి తొంగిచూసే రకం అనుకున్నాడు.

"సేఠ్, గిరాకీని గిట్ల ఆపుతుంటే చూస్కుంట నిలబడ్డవా?" అని గల్లా దగ్గరున్న ఓంప్రకాష్‌ని అడిగాడు.

"నన్నెందుకు నడుమల పెడ్తవ్ అన్నా" అని ఓంప్రకాష్ తల వంచుకుని లడ్డూలు తూకం వేయసాగాడు.

అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో భిక్షపతిది టైలరు షాపు. సిరిసిల్ల నుంచి వచ్చినప్పటి నుంచీ చొక్కా కుట్టాలంటే ఆ సందులో అతని తర్వాతే ఎవరైనా. ఇప్పుడు రెండు కళ్లకూ పొర కమ్మింది. గళ్ల చొక్కా కుడితే జేబు మీద గళ్లు ఒకవైపు, చొక్కా మీద గళ్లు ఒకవైపు పోతున్నాయి. షుగర్ దిగితేనే ఆపరేషన్ అని పంజాగుట్ట డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఇప్పటికే రెండుసార్లు వాయిదా వేసింది. భార్య దేవవ్వ జొన్నరొట్టెలు తినిపించి కాపలా కాస్తోంది. అయినా దిగదు. ఎలా దిగుతుంది? వణుకు వచ్చినప్పుడల్లా ఈయన జిలేబీల మీద పడుతున్నాడు మరి.

"షుగర్ చూసే మీటరు లేదా?" అని అడిగిందామె.

"సంచిల ఉన్నది. నా బిడ్డ కొనిచ్చింది."

"మరి తీయరేం?"

భిక్షపతి నసిగాడు. "సూది గుచ్చుకోవాలె గద."

"మీరేం పని చేస్తారు?"

"టైలర్ని."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. "పొద్దస్తమానం సూదితో కాపురం చేస్తూ, సూదికి భయమా?"

"నేను గుడ్డకు గుచ్చుత. నాకు గుచ్చుకోను."

అతను ఇంకా అంటూ ఉండగానే ఆమె మీటరు తీసి వేలికి సూది ఆనించేసింది. చీమ కుట్టినంత కూడా లేదు. నూట పన్నెండు.

"గిది తప్పు చూపిస్తుంది" అన్నాడు.

"అయితే మళ్లీ గుచ్చనా?"

"వద్దు వద్దు. కరెక్టే ఉన్నట్టున్నది."

ఆమె జిలేబీ ప్లేటు తన వైపు జరుపుకుంది. "ఇన్నాళ్లూ మీ షుగర్ బాగా ఎక్కువుండేది కదా, ఒళ్లు దానికి అలవాటు పడిపోయింది. ఇప్పుడు మామూలుకు దిగేసరికి కొంప మునిగిందని కంగారు పడుతోంది. పెళ్లింట్లో మైకు ఆగిపోతే చెవులకు ఏదోలా ఉండదూ, అలాగ. నాకూ ఇలాగే అయ్యేది. మా డాక్టరు చెప్పింది ఒకటే. ముందు చూసుకో, డెబ్బైకి కింద ఉంటే వెంటనే తీపి తిను. లేదంటే కాసేపు కూర్చో, అదే సర్దుకుంటుంది. మీ డాక్టరమ్మక్కూడా ఈ వణుకు సంగతి చెప్పండి."

నాలుగు పల్లీలు చేతిలో పోసింది. అతని ఊరు, ఆమె మోకాళ్ల నొప్పులు మాట్లాడుకుంటుండగానే వణుకు ఎటు పోయిందో పోయింది.

అయినా భిక్షపతికి రోషం తగ్గలేదు. మర్నాడు ఆమెకు దొరక్కూడదని గంట ముందే వచ్చాడు. ఆమె అంతకంటే ముందే వచ్చి కూర్చుంది.

"మీటరు తీయండి" అంది.

నోరు మూసుకుని తీశాడు. మళ్లీ మామూలే ఉంది. మళ్లీ పల్లీలే.

రోజులు గడిచేకొద్దీ వణుకు తగ్గింది. సూది తనే గుచ్చుకోవడం నేర్చాడు. ఆమెను అక్కా అని పిలవడం కూడా మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత జిలేబీ కోసం కాదు, కబుర్ల కోసమే వెళ్లేవాడు.

ఈసారి పరీక్షల కాగితం చూసి డాక్టరమ్మ ముఖం విప్పారింది. "బాగా దిగింది. ఏం చేశారు?"

"జిలేబీ దొరకనియ్యలేదు మేడమ్, ఒకామె" అన్నాడు.

ఒకదాని తర్వాత ఒకటి, రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. మళ్లీ మిషనెక్కిన రోజు ఒక్క పట్టులో సూదిలోకి దారం ఎక్కించాడు. గళ్ల చొక్కాకు జేబు కుట్టి, గీత గీతకు కలిసిందని దేవవ్వను మూడుసార్లు పిలిచి చూపించాడు. ఆ సంతోషంలోనే మిగిలిన గళ్ల గుడ్డతో చిన్న చేతిసంచి కుట్టాడు, అక్క పల్లీలు పోసుకోవడానికి.

సంచి పట్టుకుని స్వీటు షాపుకు వెళ్తే ఆమె బల్ల ఖాళీగా ఉంది.

"అక్క ఏది సేఠ్?"

"కాకినాడ పోయింది, వాళ్ల చెల్లె కాడికి. వస్తది పది రోజులల్ల."

భిక్షపతి ఉసూరుమన్నాడు. మొదటిరోజు ఆమె గురించి అనుకున్నవన్నీ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. గల్లా మీదికి వంగి గొంతు తగ్గించాడు.

"సేఠ్, ఒక్క మాట. పాపం, ఆమెకు ఎవరూ లేనట్టున్నది. పొద్దుపోక ఈడికొచ్చి కూసుంటది. నాలెక్కనే ఎందరిని ఆపుతదో ఏమో. గిరాకీ ఖరాబైతుందని జర ఆమెను వెళ్లగొట్టకు. ఆమె కూసున్నందుకు పైసలు నెలనెలా నేనిస్త."

ఓంప్రకాష్ తూకం ఆపి, తల గోక్కుని, భిక్షపతి చేతిలోని సంచి వంక చూశాడు.

"నేనేడ వెళ్లగొడ్త అన్నా, నెలనెలా నాకు జీతమిచ్చేదే ఆమె, గీ దుకాణం అరుణమ్మదే."