చిల్లర నికాసియో

"కూర్చోకు. కూర్చునేంత పనేం లేదు," అన్నాడు దోన్ ఉబాల్దో, చేతిలో కాయితం మీంచి తలెత్తకుండానే.

టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు నికాసియో. పదిహేడేళ్లుగా పీతల బేస్‌బాల్ జట్టుకి ఆడుతున్నవాడు. మొన్ననే ముప్పై తొమ్మిది నిండాయి. ఉబాల్దో ఆ జట్టు మేనేజరు. ఈ సీజన్‌కి ఎవరుండాలో, ఎవరు పోవాలో చెప్పేది ఆయనే.

"దోన్ ఉబాల్దో, నేనొచ్చింది..."

"నువ్వెందుకొచ్చావో నాకు తెలీదూ? ఇంకో ఏడాది ఉంచుకోమంటావు. ఇదిగో, చూడు. పదిహేడేళ్లలో హోమ్‌రన్‌లు నాలుగు! కొత్తగా వచ్చిన లావుపాటి కుర్రాడు పోయిన నెల్లోనే ఆరు కొట్టాడు."

నికాసియోకి చురుక్కుమంది. "నిరుడు మొత్తమ్మీద బంతి తగలక నేను ఔటయింది పదకొండుసార్లే."

"తగిలితే? తలుపుకి ఈగ కూడా తగుల్తుంది. నువ్వు కొట్టేదంతా చిల్లర, నికాసియో. ఓ బేస్ దాకా పరుగు, మళ్లీ ఓ బేస్ దాకా. జనం వచ్చేది బంతి గోడ దాటితే చూద్దామని. కంప్యూటర్ లెక్కలో నీ విలువెంతో తెలుసా? సున్నాకి కింద! నీ చోట ఓ గుంజ పాతినా జట్టుకి నీకంటే లాభమట."

"అయితే ఆ కంప్యూటర్నే ఓసారి బ్యాటు పట్టుకుని నిలబడమనండి."

ఉబాల్దో లేచి నిలబడ్డాడు.

"పద మైదానంలోకి! బంతులు విసిరే కొత్త పిచ్చర్ యోర్బీ అక్కడే ఉన్నాడు. వాడి బంతి ఒక్కటైనా చూసినవాడు ఈ దీవిలో లేడు. మూడు బంతులు నీ బ్యాటు తప్పాయా, సంచీ సర్దుకో. వాడు నా వల్ల కాదనేదాకా నిలబడ్డావా, రెండేళ్ల కాంట్రాక్టు. అల్తాగ్రాసియా మాత మీద ఒట్టు, నా చేత్తో నేనే రాసిస్తా."

నికాసియో ఏదో చెప్పబోయాడు. ఉబాల్దో అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు.

యోర్బీకి ఇరవై రెండేళ్లు. మెళ్లో లావుపాటి గొలుసు. విషయం విని పకపకా నవ్వాడు. "అన్నా, మెల్లగా ఊపు. నడుం పట్టేస్తుంది."

"నువ్వు వెయ్యరా తమ్ముడూ."

మొదటి బంతి ఎప్పుడొచ్చిందో నికాసియోకి తెలీలేదు. వెనక క్యాచర్ చాగో గ్లవ్‌లో ఠాప్‌మని చప్పుడొక్కటే వినపడింది. రెండోది నడుం దాకా వచ్చి మోకాళ్ల కిందికి జారిపోయింది. బ్యాటు గాలిని కొట్టింది.

"రెండు!" అని కేకేశాడు ఉబాల్దో. "సంచీ తెప్పించనా?"

మూడోది బ్యాటు అంచుకు రాసుకుని గీత బయటికి పోయింది, తప్పినట్టు లెక్క కాదు. ఫౌల్. నాలుగోది ఫౌల్. అయిదోదీ అంతే.

గేటు దగ్గర యానికేకె రొట్టెలు వేయించి అమ్మే దోన్యా తిల్సియా మూకుడు దించేసి లోపలికొచ్చింది. దారిన పోయేవాళ్లు కంచె పట్టుకుని వేలాడారు. పదిహేను ఫౌళ్లయ్యేసరికి యోర్బీ మొహంలో నవ్వు పోయింది. ఇరవై అయిదుకి గొలుసు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మేనేజరుగారూ, బంతులు అయిపోయేట్టున్నాయి. కొబ్బరికాయలు పంపనా?" అంది తిల్సియా. కంచె ఘొల్లుమంది.

ఉబాల్దో చెవులు ఎర్రబడ్డాయి. "ఒరేయ్ యోర్బీ! ఆ దాచుకున్నది వెయ్యరా!"

"అది సీజన్‌ కోసం దాచాను దోన్. చాగో అన్నకి తప్ప ఎవరికీ చూపించలేదు."

"నేను చెప్తున్నానుగా, వెయ్యి!"

వేశాడు. అది తిన్నగా వచ్చినట్టే వచ్చి, కడదాకా వచ్చాక పక్కకి తప్పుకుంది. నికాసియో బ్యాటు కొన అందీ అందక తగిలింది. ఫౌల్. మళ్లీ అదే వేశాడు. ఈసారి కాస్త గట్టిగా తగిలింది. ముచ్చటగా మూడోసారి వేస్తే, నికాసియో కొట్టిన బంతి రెండో బేస్ మీదుగా వెళ్లి గడ్డిలో మెత్తగా పడింది.

"చిల్లర పడింది, ఏరుకోండి!" అని అరిచింది తిల్సియా.

యోర్బీ మోచెయ్యి పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. "నా వల్ల కాదు దోన్. ఈ మనిషికి బంతి కాదు, గోడ ఇటుకేసినా తగిలించేస్తాడు."

ఉబాల్దో పరుగెత్తుకెళ్లి ఆ చెయ్యి తడిమి చూశాడు. అంతా బాగానే ఉందని తేలాక ఊపిరి పీల్చుకున్నాడు. కంచె మీది జనం ఈలలు ఆపడం లేదు. వేరే దారి లేదు. చాగో వీపు మీద కాయితం పెట్టి, కంప్యూటర్ లెక్క వెనకవైపే కాంట్రాక్టు రాశాడు. కింద తన సంతకం పెట్టాడు.

రాసేసరికి ఆయన కోపం కూడా చల్లారింది. నికాసియో భుజం మీద చెయ్యి వేశాడు.

"తప్పు నాదేనయ్యా. నీలాంటివాడు అవతల ఉంటే నా పిచ్చర్లు మూడో ఇన్నింగ్స్‌కే చాప చుట్టేస్తారు. ఆ సంగతి ఈ కాయితానికి తెలీలేదు, నాకూ తెలీలేదు. ఇదిగో, సంతకం పెట్టు."

నికాసియో చెమట తుడుచుకున్నాడు. కాయితాన్ని రెండుసార్లు చదివి, మడతపెట్టి, ఆయన చేతికే తిరిగిచ్చాడు. చెప్పడానికి అతనికి సిగ్గుగానే ఉంది.

"మన్నించాలి దోన్ ఉబాల్దో. ఏటికి అవతల పెలికన్ల జట్టుకి నిన్న సాయంత్రమే సంతకం పెట్టేశాను, మీతో చెప్పి సెలవు తీసుకుందామని వచ్చాను... శనివారం మొదటి ఆట మీతోనే కదా, ఈ తమ్ముడి బంతి ఒక్కటీ చూడలేదే, ఎలారా దేవుడా అని దార్లో ఒకటే బెంగ!"