కంట్లో బూజు

“నీకు దణ్ణం పెడతాను, ఇటు చూడకురా అచ్చిబాబూ,” అన్నాడు బుల్లిరాజు, పేకముక్కలు మొహానికి అడ్డం పెట్టుకుని.

అచ్చిబాబు ఎడమకన్ను చింతనిప్పులా ఉంది. కోత మిషన్ వెనకాల నిలబడితే వరినూగు కంట్లో పడింది. ఊరుకోకుండా నలిపేశాడు. అది కాస్తా లోపల ఫంగస్ అయి కూర్చుంది. గంటకోసారి చుక్కలు వేసుకోవాలనీ, నెల్రోజులు పొలంగట్టు తొక్కొద్దనీ రాజమండ్రి కంటి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పొలం వెళ్ళడానికి లేదు. ఇంట్లో పెళ్ళాం బుల్లెమ్మ టీవీ చూడనివ్వదు. ఇక తోటలో ఈ పేకాట కూడా లేకపోతే మనిషి ఏమైపోవాలండీ?

ఇది కళ్ళకలక కాదనీ, కంట్లో పట్టిన బూజనీ, చూస్తే అంటుకోదనీ అచ్చిబాబు చెప్పి చూశాడు. పక్కన ముక్కలు పట్టుకు కూర్చున్న చిట్టియ్య వింటేగా. ఈ గోడకి పట్టిన బూజు పక్కగోడకి పాకదా అని అడిగాడు. దాంతో అచ్చిబాబు లేచి చెప్పులు వేసుకున్నాడు. నిజంగానే ఏడుపొచ్చింది పాపం.

అతను తోటలో పాక దాటేసరికి మిగతా ముగ్గురికీ అసలు సంగతి తట్టింది. వాళ్ళ ఆటకి పందెం పెసరట్టు ఉప్మా. ఓడినవాడు అందరికీ తినిపించాలి. నాలుగేళ్ళుగా తినిపిస్తున్నది అచ్చిబాబే. వాడు కాస్తా మానేస్తే రేపట్నుంచి తినిపించేదెవడు?

“ఆగరా, మా జాగ్రత్తలో మేం ఉంటాంలే,” అన్నాడు మూడోవాడు రాజేంద్ర.

మర్నాడు ముగ్గురూ నిడదవోలు వెళ్ళి తళతళలాడే నల్ల కళ్ళజోళ్ళు కొనుక్కొచ్చారు. అవి పెట్టుకుని, ఇక ఏ బూజూ మనల్నేం చెయ్యలేదని ధీమాగా ముక్కలు పంచారు.

ఆ రోజు అచ్చిబాబు గెలిచాడు. ఏదో గాలివాటం అనుకున్నారు. మర్నాడూ గెలిచాడు. వారం తిరక్కుండా ముగ్గురూ వంతులవారీగా పెసరట్లు తినిపించారు. పేక మార్చారు, కూర్చునే చోట్లు మార్చారు. చిట్టియ్య అయితే కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకున్నాడు కూడా. ఒంటికన్నుతోనే వీడు ఇలా ఆడుతుంటే రెండోది బాగయ్యాక మన గతేంటని బుల్లిరాజు బెంగపెట్టుకున్నాడు.

నెల తిరిగాక డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసింది. ఫంగస్ మొత్తం పోయిందనీ, చూపు దక్కడం అదృష్టమనీ చెప్పింది. ఇంక ఎవరూ భయపడక్కర్లేదు, స్నేహితులతో హాయిగా ఉండమంది. అచ్చిబాబు మొహం వేలాడేశాడు.

“ఏంటండీ, సంతోషంగా లేదా?”

“ఉందండి. కాకపోతే చిన్న సాయం చెయ్యాలండి. నా ఎదురుగా కూర్చునేవాళ్ళు ఇంకో రెణ్ణెల్లు నల్లద్దాలు తియ్యకూడదని ఓ చీటీ రాసివ్వండి. వాళ్ళ ముక్కలన్నీ నాకు ఆ అద్దాల్లోనే కనబడతాయండి.”