మీసం పందెం

"తాళంచెవి చేతిలో ఉన్నోడు ఆకలేస్తే తలుపు తియ్యకుండా ఉంటాడేటి మాస్టారూ? అలాంటోణ్ణి ఒక్కణ్ణి సూపించండి. ఈ మీసం తీయించీసుకుంటాను!"

జగన్నాధం బల్ల మీద ఒక్క చరుపు చరిచాడు. టీ గ్లాసులు గలగలలాడాయి.

కోటబొమ్మాళి స్టేషను ఎదురుగా అతని భోజన హోటలు. అది అరవై ఏడు వేసవి. వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేశాయి. బియ్యం దొరకడమే గగనం. హోటల్లో వండిన అన్నం ఇరవై విస్తళ్లకు వస్తే గొప్ప. తిండి తగ్గింది గానీ వాదనలు మాత్రం తగ్గలేదు.

నారాయణమూర్తి మాస్టారు పేపరు మడిచారు.

"సోమవారం రాత్రి ముద్ద మానమని దేశాన్ని అడిగే ముందు, తన ఇంట్లో పొయ్యి ఆర్పించిన మనిషయ్యా ఆ పోయిన ప్రధానమంత్రి. పోయేనాటికి సొంత ఇల్లయినా లేదు."

"ఇల్లు లేకపోతే మనకేటి ఒరిగినాది? ఆయన రోజుల్లోనే గదా బియ్యం కొండెక్కి కూకున్నాది! ఇప్పుడు అమెరికా ఓడొస్తే గానీ మనకి ముద్ద దిగదు. నిజాయితీని ఉడకేసుకుని తింటామేటి?"

అందరూ నవ్వారు. వాదనలో జగన్నాధం ఓడిపోయి ఎరగడు. ఆ సంగతి అందరికన్నా అతనికే బాగా తెలుసు.

"అలాంటోళ్లుంటారు బాబూ."

పెరటి గుమ్మంలోంచి వచ్చిందా మాట. అక్కడ ముసలాయన సత్తుగిన్నె పట్టుకుని నిలబడ్డాడు.

నెల్లాళ్లుగా రోజూ ఆ వేళకు వస్తాడు. జగన్నాధం భార్య జగ్గమ్మ వార్చిన గంజి పోస్తే ఉప్పు కలుపుకుని తాగుతాడు. గిన్నె కడుక్కుని రైలుగేటు అవతలికి పోతాడు. ఎవరివని ఎవరూ అడగలేదు.

"గంజికొచ్చినోడివి, నీకేలరా ఢిల్లీ గొడవ? ఏ ఊరు నీది?" అన్నాడు జగన్నాధం.

"సాలూరు బాబూ."

"అక్కడ రేషను ఇవ్వట్లేదేటి?"

"ఇస్తన్నారు. కార్డు ఇంటికాడే ఉన్నాది, కోడలూ పిల్లలూ తింతన్నారు. ఈ ఊళ్లో ఆ కార్డు సెల్లదు. కొనుక్కుందామంటే బజార్లో బియ్యమేవి బాబూ?"

"మరిక్కడేటి సేస్తన్నావు?"

"గవర్మెంటు పని."

హోటలంతా గొల్లుమంది.

"గవర్మెంటు పని సేస్తూ గంజికొచ్చినాడర్రా!"

ముసలాయన కూడా నవ్వేశాడు. గిన్నె కింద పెడదామని వంగితే భుజం మీది తువ్వాలు జారింది. దాని మడతల్లోంచి పదో పన్నెండో బియ్యపు గింజలు నేల మీద రాలాయి.

నవ్వులు ఆగిపోయాయి. ఆ రోజుల్లో బియ్యపు గింజ ఎక్కడ పడినా కళ్లన్నీ అక్కడికే పోయేవి.

"ఇవెక్కడివి?"

"ఊడ్సినప్పుడు అంటుకున్నట్టున్నాయి బాబూ."

"ఎక్కడ ఊడ్సినావు?"

ముసలాయన తల వంచుకున్నాడు. "అది సెప్పకూడదు."

మోకాళ్ల మీద కూర్చుని గింజగింజా ఏరి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. ఒక్కటీ వదల్లేదు.

జగన్నాధం రెచ్చిపోయాడు.

"సూసినారా మాస్టారూ! బియ్యం మూటకట్టుకుని గంజికొస్తన్నాడు! పైనున్నోళ్లూ ఇంతే, కిందున్నోళ్లూ ఇంతే. ఒసే జగ్గీ, ఆ గంజి గేదికి పొయ్యి."

"ముసిలోడు పాపం, పోన్లే..."

"పొయ్యమన్నానా!"

జగ్గమ్మ గంజి తీసుకెళ్లి కుడితి గోలెంలో పోసింది. మాస్టారు ఏదో అనబోయి, మళ్లీ పేపరు విప్పుకున్నారు.

మర్నాడూ ముసలాయన వచ్చాడు. పెరటి తలుపు గడియపెట్టి ఉంది. కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. ఆ మర్నాడూ అంతే. మూడోనాడు రాలేదు.

"ఆ తాత రాలేదు," అంది జగ్గమ్మ.

"దొంగబియ్యం ఎక్కడో వండుకు తింటుంటాడులే."

ఐదోనాడు పొద్దున్నే గేటుమాను పరుగెత్తుకొచ్చాడు. గేటవతల మూతబడిన నూనెమిల్లు గుమ్మంలో ముసలాయన చచ్చిపడి ఉన్నాడట.

హోటల్లో వాళ్లంతా వెళ్లారు. గడపకు అడ్డంగా పడుకున్నాడు. పొట్ట వీపుకు అంటుకుపోయింది. సత్తుగిన్నె తలకింద ఉంది. మొలతాడుకు జానెడు ఇనుప తాళంచెవి వేలాడుతోంది.

కబురందుకుని శ్రీకాకుళం నుంచి జీపులో కలెక్టరాఫీసు గుమస్తా వచ్చాడు. శవాన్ని చూసి చతికిలబడ్డాడు.

"జనం ఎగబడతారని ఎవరికీ చెప్పొద్దన్నాం గానీ ఎల్లాజీ... నిన్ను పస్తుండమన్నామా!"

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గుమస్తా మొలతాడు నుంచి తాళంచెవి విప్పి మిల్లు తలుపు తెరిచాడు.

లోపల దూలాల దాకా బియ్యం బస్తాలు. కరువు ముదిరితే పంచడానికి దాచిన సర్కారు బియ్యం. గుమ్మం పక్కన ఒక చీపురు, ఒక చేట. నేల మీద ఊడ్చి పోగేసిన గింజలు ఆ చేటలో ఉన్నాయి.

మాస్టారు జగన్నాధం వైపు చూడలేకపోయారు. ఆ రోజు నోరు మూసుకున్నది తానూ కదా.

జగన్నాధం పిచ్చివాడిలా లోపలికి పరుగెత్తాడు. ఒక్కో బస్తా మూతీ చేత్తో తడిమి చూస్తున్నాడు. మీసం కోసం కాదు. ఒక్కటంటే ఒక్కటి కోసి ఉంటే చాలు, ఆ ముసలాయన ఒక్క పూటైనా తిన్నాడనుకోవచ్చు. అతని కళ్లలోంచి నీళ్లు ధారలు కట్టాయి. కింది వరసలు చూశాడు. నిచ్చెనేసుకుని పై వరసలూ చూశాడు.

ఏ బస్తాకూ కుట్టు వీడలేదు.